సైకిల్ దిగిన చోట

జగిత్యాల నుంచి సిరిసిల్లకు మొదటిసారి సైకిల్ తొక్కిన రోజున నేను ఒక మాట అన్నాను. అనకుండా ఉండాల్సిన మాట. ఆ ప్రయాణం గురించి నా పిల్లలకు చెప్పాను, మనవలకు చెప్పాను, బడిలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఏటేటా కొత్త పిల్లలకూ చెప్పాను. ఎండ గురించి చెప్పాను, రుద్రంగి దగ్గరి ఎత్తుల గురించి చెప్పాను, మర్నాడు తొడలు పట్టేసి గడప దాటడానికి గోడ పట్టుకోవడం గురించి చెప్పి నవ్వించాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం, గుంత కనిపిస్తే హ్యాండిల్ తిప్పినట్టు, పక్కనుంచి తప్పించుకుని పోయాను. ఇన్నేళ్ళలో ఎవరికీ అనుమానం రాలేదు. కథ బాగా చెప్పేవాణ్ణి మరి.

పోయిన నెల కోరుట్లలో యాకోబు చనిపోయాడు. నా స్నేహితుడు ప్రభుదాస్ తండ్రి. బాగా ముసలివాడై, మనవరాలి బిడ్డను కూడా చూసుకుని, ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదు. సమాధి తోట నుంచి తిరిగి వచ్చాక కాళ్ళు కడుక్కుందామని వాళ్ళ ఇంటి వెనక్కి వెళ్తే, గోడకు ఆనించి, గోనెపట్ట కప్పి ఒక సైకిల్ కనిపించింది. పట్ట ఎత్తకుండానే గుర్తుపట్టాను. మడ్‌గార్డులు లేని సైకిల్. టైర్లు ఎండి చీలిపోయాయి, చైను తుప్పు ముద్దయింది. ప్రభుదాస్ వచ్చి పక్కన నిలబడి, "నాయిన అమ్మనియ్యలే" అన్నాడు. అతనెప్పుడూ అంతే, ఒక మాట అని మిగతాది ఎదుటివాడికి వదిలేస్తాడు. ఆ మిగతాదే ఇప్పుడు రాస్తున్నాను.

జగిత్యాలలో మేముండిన ఇల్లు కిరాయిది. కోరుట్ల పక్కన ఒక ఊళ్ళో మాకు గడి ఉండేది, కోటలాంటి దొరల ఇల్లు. రైతుకూలీ సంఘం వచ్చింది, భూముల్లో ఎర్రజెండాలు లేచాయి, జీతగాళ్ళందరూ ఒకే పొద్దున పని మానేశారు. ఆ తర్వాత కొద్దిరోజులకే బాపు గడికి తాళం వేసి మమ్మల్ని పట్నానికి తెచ్చాడు. కొనుక్కొచ్చిన బియ్యం తినడం మా ఇంట్లో అదే మొదలు. నాయినమ్మ ఆ బియ్యాన్ని చాటలో పోసుకుని, పిడికెడు తీసి వాసన చూసి, మా అమ్మతో, "గీ బియ్యానికి ఊరు లేదు బిడ్డా" అనేది. నిజంగానే మా గడిలో గుమ్ముల గదికి ఒక వాసన ఉండేది, పాత వడ్లూ వేపాకూ ఎలుకలూ కలిసిన వెచ్చటి వాసన. కిరాయి ఇంట్లో పక్కవాళ్ళ పోపు వాసన, మోరీ వాసన. నాయినమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తమలపాకు నమిలేది.

బాపు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ ధోవతి కట్టుకుని, గడి తాళంచెవులు నడుముకు దోపుకుని, గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. వచ్చేవాళ్ళు ఎవరూ లేరు, తీర్పులు చెప్పేది ఏమీ లేదు. రోడ్డు మీద సైకిళ్ళు పోతుండేవి. మా ఊళ్ళో గడి ముందు నుంచి ఎవరూ సైకిల్ ఎక్కి పోగూడదు. ఎంత తొందర పనైనా, గడి కనిపించగానే దిగి, తలకో భుజానికో ఉన్న తువ్వాల తీసి నడుముకు చుట్టుకుని, గడి గోడ దాటేదాకా సైకిల్‌ను నడిపించుకుని పోవాలి. జగిత్యాలలో బాపు ఎవరో ఎవరికి తెలుసు? అందరూ గంట కొట్టుకుంటూ పోయేవాళ్ళు. అయినా ప్రతి సైకిలూ దగ్గరికి రాగానే ఆయన కళ్ళు పెడలు మీదికి పోయేవి. తొక్కుతున్న ఆ కాలు ఆగుతుందేమోనని చూసేవాడు. ఆ చూపు నాకు చిన్నతనంగా అనిపించేది. నాలో అలాంటిదేమీ లేదని అప్పట్లో గట్టిగా నమ్మేవాణ్ణి.

యాకోబును నేను చిన్నప్పటి నుంచి చూసింది అలా సైకిల్ నడిపించుకుంటూనే. గడి సైకిల్ మీద కోరుట్లకు పోయి నాయినమ్మకు మందులు, బాపుకు పేపరు తెచ్చేవాడు. తొక్కేవాడట, అందరూ చెప్పేవాళ్ళు. నేను మాత్రం ఆయన సైకిల్ ఎక్కి ఉండగా ఎన్నడూ చూడలేదు. మా దగ్గర జీతగాడంటే ఏడాదికని కుదిరి, పొద్దు లేదు మాపు లేదన్నట్టు దొర ఇంట్లో చాకిరీ చేసే మనిషి. మా ఇంట్లో ఆయన పేరు యాకిగాడు. ఐదేళ్ళ నేను కూడా "యాకిగా" అని పిలిస్తే ఆయన పరుగెత్తుకుని వచ్చేవాడు. సంఘం పిలుపు మీద జీతం మానినవాళ్ళలో ఆయనా ఒకడు. ఆ తర్వాత భార్యాపిల్లలతో కోరుట్ల చేరి బియ్యం మిల్లులో హమాలీ అయ్యాడు.

ప్రభుదాస్ నాకు డిగ్రీ కాలేజీలో దొరికాడు. అతనే మొదట పలకరించాడు.

"నువ్వు గడి పిలగానివి గదా?"

"అవ్. నువ్వు యాకిగాని కొడుకువా?"

"యాకోబు కొడుకును" అన్నాడు. కోపం లేదు, నవ్వు లేదు. పలకమీద తప్పు రాసిన అక్షరాన్ని చెరిపి సరిగ్గా రాసినట్టు అన్నాడు. నా చెవులు వేడెక్కాయి. అట్లా మొదలైంది మా స్నేహం.

సైకిల్ ఆలోచన నాదే, అదీ వేళాకోళానికి. ప్రభుదాస్ వాళ్ళ అక్క సుగుణకు సిరిసిల్లలో కొడుకు పుట్టాడు. బావ మరమగ్గాల షెడ్డులో పని. మేనల్లుణ్ణి చూడ్డానికి పోదామని ప్రభుదాస్ రెండుసార్లు బయలుదేరితే రెండుసార్లూ అన్నల, అదే నక్సలైట్ల, బంద్ పిలుపుతో బస్సులు ఆగిపోయాయి. "సైకిల్ మీద పోరాదు, సైకిల్‌కు బంద్ లేదు గదా" అన్నాను. అతను కాసేపు ఆలోచించి, "నువ్వస్తవా?" అన్నాడు. రానంటే పరువు పోతుంది. వస్తానన్నాను.

పొద్దుపొడుపుతో బయలుదేరి ఒకరోజు పెగడపల్లి వైపు, ఒకరోజు బీర్పూర్ వైపు తొక్కేవాళ్ళం. నా సైకిల్‌కు డైనమో, అద్దం, ముందు బుట్ట, వెనక క్యారియర్, చక్రాల కమ్మీలకు రంగు పూసలు. ప్రభుదాస్‌ది చేతులు మారి వచ్చిన బండి, మడ్‌గార్డులు కూడా లేవు, అవసరానికి మించి దాని మీద ఒక్క మేకు లేదు. మొదటి ఎత్తులోనే నేను నోరు తెరుచుకుని ఆగిపోతే అతను వెనక్కి తిరిగొచ్చి నా సైకిల్ చుట్టూ తిరిగి చూశాడు. "గిది సైకిల్ గాదు మాధవా, పెండ్లిపిల్ల. గిన్ని నగలేసుకొని ఏం ఉరుకుతది?" ఆ సాయంత్రం బుట్టా పూసలూ పీకేశాను. అద్దం మాత్రం మనసొప్పక ఉంచాను.

కొన్ని వారాలకు కాళ్ళు మాట వినడం మొదలుపెట్టాయి. అప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నాం. ఎదురుగాలిలో ఒకడి వెనక ఒకడు పోతే వెనకవాడికి సుఖం. అది ప్రభుదాస్‌కు నచ్చలేదు. "ఎనుక ఉన్నోనికి గాలి తక్కువే గని, ముంగటోని ఈపు తప్ప ఇంకేం కనవడది. పక్కపక్కనే పోదాం. లారీ అస్తె సూస్కుందాం" అన్నాడు. జగిత్యాల–కోరుట్ల రోడ్డు మీద లారీవాళ్ళ చేత ఎన్ని తిట్లు తిన్నా ఆ ఒప్పందం తప్పలేదు.

ఒక సంగతి దాచకూడదు. సైకిల్ తొక్కి మా ఇంటికి వచ్చినప్పుడు ప్రభుదాస్‌కు మా అమ్మ చల్ల ఇచ్చేది, బయట గోడ మీద విడిగా ఉండే గ్లాసులో. తాగి, అతనే కడిగి, మళ్ళీ గోడ మీద పెట్టేవాడు. నేను చూసేవాణ్ణి. చూసి, చైనుకు నూనె వేయడంలో మునిగిపోయేవాణ్ణి. కోరుట్లలో వాళ్ళింటికి పోతే రూతమ్మ, ప్రభుదాస్ తల్లి, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేది. ఇల్లంతా తునికాకు తడి వాసన, పొగాకు ఘాటు. వేళ్ళు ఆపకుండానే "అంబలి తాగు నాయినా, మొఖం గుంజుకపోయింది" అనేది. వాళ్ళు తాగే గ్లాసులోనే పోసేది. నేను ఆ ఇంట్లో రూతమ్మను అత్తా అని పిలవగలిగాను. యాకోబును ఏమని పిలవాలో తోచలేదు. యాకిగాడు అనలేను, మామా అనడానికి నోరు తిరగదు. అందుకని ఏమీ పిలవకుండా, ఆయన నా వైపు చూసేదాకా ఆగి మాట్లాడేవాణ్ణి.

సిరిసిల్ల సంగతి చెప్పిన రోజు యాకోబు మిల్లు నుంచి వచ్చి తవుడు దులుపుకుంటున్నాడు. ప్రభుదాస్ దారంతా చెప్పాడు. ముందురోజు కోరుట్లకు వచ్చి పడుకుని, తెల్లవారగానే కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా సిరిసిల్ల. అక్కడ రెండు రాత్రులుండి ఆదివారం తిరుగు ప్రయాణం.

"తొక్కున్రి" అన్నాడు యాకోబు. "ఎక్కడ దిగబుద్ధయితె గక్కడ దిగున్రి. ఎవలో దిగుమంటె దిగుడు వేరె, మనకు దిగబుద్ధయి దిగుడు వేరె."

"పోలీసోళ్ళు దిగుమంటెనో?" అంది రూతమ్మ.

"గప్పుడు దిగాలె. తుపాకి ముంగట నా ముచ్చట చెప్పకున్రి మల్ల."

అందరం నవ్వాం. ఆయన మాత్రం నవ్వు ఆగాక కూడా కొడుకు సైకిల్ వైపే చూస్తూ, "ఐతారం గుడి నుంచి సీద కథలాపూర్ తోవల మోరీ వంతెన కాడికస్త. నువ్వు ఎక్కి అస్తుంటె సూస్త" అన్నాడు. సీటు మీద దుమ్ము తుడిచాడు. ఆ మనిషికి ఈ ప్రయాణం ఏమిటో నాకప్పుడు కొంచెమే అర్థమైంది.

బయలుదేరే పొద్దున రూతమ్మ ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి ప్రార్థన చేసింది. కథలాపూర్ దాకా మంచు. ఎండ ఎక్కేసరికి రుద్రంగి ఎత్తులు మొదలయ్యాయి. ఇరువైపులా మోదుగులు, మధ్యలో నల్లటి తారు. దిగి నడిపిద్దామని నాకు పదిసార్లు అనిపించింది. ప్రభుదాస్ తలకు తువ్వాల చుట్టుకుని, పక్కనే, నా మోకాలికి తన మోకాలు తగిలేంత దగ్గరగా తొక్కుతూ, "గా బండ దాక. గా బండ దాటినంక దిగుదువు" అనేవాడు. బండ దాటాక ఇంకో చెట్టు చూపించేవాడు. అట్లా దిగకుండానే ఎత్తు ముగిసింది. దిగుడులో ఇద్దరం హ్యాండిల్ వదిలి చేతులు చాపి కేకలు పెట్టాం. నా జీవితంలో అంత తేలికైన నిమిషాలు ఎక్కువ లేవు.

దిగుడు చివర ఒక మలుపు, మలుపులో ఒక చాయ్ హోటల్. హోటల్ ముందు జీపు, పోలీసులు. ఊరి పేరు రాయను. ఆ రోజుల్లో రోడ్డు మీద సైకిలేసుకుని పోయే ఇరవయ్యేళ్ళ వాడంటే, అన్నలకు కబుర్లు మోసేవాడేమోనని చూసేవాళ్ళు. పట్టుకుపోయిన కొందరు ఇంటికి రావడానికి వారాలు పట్టేది. కొందరు రాలేదు. అప్పటికే ముగ్గురు నలుగురు పిల్లలు హోటల్ గోడ పక్కన నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నారు.

"దిగండ్రా" అన్నాడు ఎస్సై. దిగాం. నా పేరు, తండ్రి పేరు, ఊరు అడిగాడు. చెప్పాను. ఆయన ముఖం మారింది. బాపు పేరు ఆయనకు తెలుసు. "మీరా! ఈ ఎండలో సైకిలేంటండీ మాధవరావు గారూ, బస్సులో పోవచ్చుగా" అన్నాడు. కానిస్టేబుల్ ఒకతను కుర్చీ జరిపాడు. ఎస్సై ప్రభుదాస్ వైపు గడ్డం ఎగరేసి నన్ను అడిగాడు.

"వీడెవడు?"

"మా జీతగాడు" అన్నాను.

ఆ రెండు మాటలు ఎంత తేలిగ్గా వచ్చాయో ఇప్పటికీ నోటికి గుర్తే. తడబాటు లేదు. ఎస్సై ప్రభుదాస్‌ను ఎగాదిగా చూసి, "జీతగాడివి దొరతో సమానంగా తొక్కుతావేంరా? వెనక పో. ఆయన సంచీ నువ్వు తగిలించుకో" అన్నాడు. ప్రభుదాస్ నా క్యారియర్ మీది సంచీ విప్పి తన హ్యాండిల్‌కు తగిలించుకున్నాడు. తర్వాత తలకు చుట్టిన తువ్వాల తీసి నడుముకు కట్టుకున్నాడు. అతను అట్లా కట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు. ఎవరూ నేర్పి ఉండరు. చేతులకే తెలిసినట్టు చేశాడు. "పోన్రి" అన్నారు. నేను ముందు, అతను వెనక.

మలుపు తిరగగానే ఆగాను. అతను నాలుగు బారల వెనక ఆగాడు.

"సంచి ఇయ్యి ప్రభూ."

"ఉండనియ్యి. బరువు లేదు."

"పక్కకు రా మరి."

"నడువు. పొద్దెక్కుతుంది."

నెమ్మదిగా తొక్కితే నెమ్మదించాడు, ఆగితే ఆగాడు. నా సైకిల్‌కు నేను ఉంచుకున్న అద్దంలో వేములవాడ దాకా, వేములవాడ దాటి సిరిసిల్ల దాకా అతని ముఖం చిన్నగా కనిపిస్తూనే ఉంది. ఎదురుగాలి లేచింది. గాలి నాకు తగులుతోంది, వీపు అతనికి కనిపిస్తోంది.

సిరిసిల్లలో వీధి వీధీ మగ్గాల చప్పుడు. ఆ చప్పుడులోనే సుగుణ గుమ్మంలోకి వచ్చి, పసివాణ్ణి చంకలో మార్చుకుని, కేకేసినట్టు మాట్లాడింది. "అచ్చిండ్రా! నిజంగనే తొక్కుకుంటచ్చిండ్రా! ఎవలు ముందుగాల చేరిండ్రు మల్ల, చెప్పున్రి!"

"మాధవరావు ముందు" అన్నాడు ప్రభుదాస్. కాలేజీలో కలిసినప్పటి నుంచి అతను నన్ను మాధవా అనే పిలిచాడు. ఆ రావు నాకు చెంపదెబ్బలా తగిలింది. సుగుణ జొన్నరొట్టెలు, కోడికూర పెట్టింది. మా బాపుకు తెలియకుండా ఆ ఇంట్లో తింటున్నాననే గర్వం ఒకటి ఉండాల్సింది నాకు, పొద్దున బయలుదేరేటప్పుడు ఉండింది కూడా. ఆ పూట పళ్ళెంలోంచి తల ఎత్తకుండా తిన్నాను.

మర్నాడు సాయంత్రం మానేరు వాగు ఒడ్డున ఇసుకలో కూర్చున్నాం. అద్దకం షెడ్ల నుంచి వచ్చే నీళ్ళు ఒక పాయ ఎర్రగా పారుతున్నాయి. నేనే మొదలుపెట్టాను.

"గా మాట అనకపోతె నిన్ను గా గోడ కాడ కూసోవెడుతుండిరి. నీ పానం కోసమే అన్న."

అతను ఇసుక పిడికిట్లోకి తీసుకుని వదులుతూ కూర్చున్నాడు. "దోస్తు అంటె గూడ ఇడిసిపెడుతుండెనేమో."

"ఏమో."

"నాకు గూడ ఎర్కలేదు. ఇడిసిపెడుతుండెనో లేదో. గని నువ్వు గది ఆలోచన జేసి అనలే మాధవా. నేను నీ మొఖమే సూస్తున్న. నీకు భయం గూడ గాలే. గా మాట నీ నోట్లె తయారుగ ఉండె."

బాపు కుర్చీలో కూర్చుని పెడళ్ళ వైపు చూసే చూపు నాకు గుర్తొచ్చింది. ఆ చూపు నాకు రాలేదనుకున్నాను. నాకు నోటికి వచ్చింది.

"మా నాయిన గా పేరు ఇడిసిపెట్టనీకె ఎంత తన్లాడిండో నీకు దెల్వది" అన్నాడు. "నేను సైకిల్ బావకిస్త. రేపు బస్సుల పోత."

"మరి మోరీ కాడ..." అన్నాను. అతను లేచి నీళ్ళ వైపు నడిచాడు. చాలాసేపటికి తిరిగి వచ్చి, "నాయిన ఎదురుసూస్తడు. గందుకు తొక్కుత. నీ కోసం గాదు" అన్నాడు.

"గా మలుపు కాడ మల్ల ఆపితె? ఏమని చెప్పాలె?"

"నువ్వు ఏం చెప్పకు. నా గురించి అడిగితె నాకు నోరు లేదా?"

ఇప్పుడు ఆ దారి వెడల్పయింది. కారులో అద్దాలెక్కించుకుని పోతే మలుపు ఎప్పుడొచ్చిందో తెలియదు, హోటల్ ఉన్నచోట పెట్రోల్ బంకు. ఆదివారాలు రంగు రంగుల టోపీలు పెట్టుకున్న కుర్రాళ్ళు సన్న టైర్ల సైకిళ్ళ మీద గుంపుగా పోతుంటారు. ఎవరూ వాళ్ళను దిగమనరు, ఎవడి కొడుకువని అడగరు. అది చూసి సంతోషిస్తాను. కానీ మా చుట్టాల పెళ్ళిళ్ళలో, పక్కన నిలబడ్డ మనిషిని వదిలేసి "ఈయనెవరు?" అని నన్ను అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ ప్రశ్నకు నోటి చివర తయారుగా ఉండే జవాబులూ ఇంకా ఉన్నాయి. గడి గోడ ఎప్పుడో కూలింది. కొన్ని మాటలు ఆ గోడకంటే గట్టిగా కట్టినవి.

ఆదివారం సుగుణ సద్ది కట్టిచ్చింది. నా సంచీ నా క్యారియర్‌కే కట్టుకున్నాను. అద్దం విప్పి సంచీలో వేశాను. ప్రభుదాస్ పక్కన తొక్కలేదు, వెనకా రాలేదు. రోడ్డుకు ఆ అంచున అతను, ఈ అంచున నేను. మలుపు దగ్గర అదే జీపు, అదే ఎస్సై. "ఏమండీ, తిరుగు ప్రయాణమా?" అని నవ్వుతూనే, ప్రభుదాస్ తలకున్న తువ్వాల చూశాడు. "ఏంటి, మీ జీతగాడు తలపాగా చుట్టాడు?"

నాలుక పైకి లేచింది. దాన్ని పళ్ళ మధ్య పట్టుకున్నాను. "ఆయన్నే అడుగున్రి సార్" అన్నాను.

"నిన్ను అడుగుతున్నా."

"ఆయన గురించి ఆయనే చెప్తడు సార్."

ప్రభుదాస్ ఒక అడుగు ముందుకు వచ్చాడు. "నా పేరు ప్రభుదాస్ సార్. కోరుట్ల. యాకోబు కొడుకును. జగిత్యాలల డిగ్రీ సదువుతున్న. జీతగాన్ని గాదు."

ఎస్సై నవ్వు పోయింది. నా వైపు తిరిగాడు. "మొన్న జీతగాడన్నావ్. ఇవాళ కాదంటున్నాడు. ఏది అబద్ధం?"

"మొన్నటిది సార్. నేనన్నదే అబద్ధం."

చెంప మీద దెబ్బ పడింది. అంతకుముందు నన్ను కొట్టిన చెయ్యి లేదు. ఇద్దరినీ హోటల్ గోడ పక్కన నేల మీద కూర్చోబెట్టారు. సంచులు కుమ్మరించారు, సీట్లు విప్పి గొట్టాల్లో వెతికారు. అబద్ధం ఎందుకు చెప్పావు, ఏం దాస్తున్నారు అని విడివిడిగా అడిగారు. ఎస్సై ఒకసారి వచ్చి, "మీ నాన్నగారికి కబురు పంపనా?" అన్నాడు. అవునంటే జీపులో ఇంటికి పోవచ్చు. ప్రభుదాస్ మాత్రం అక్కడే ఉంటాడు. "వద్దు సార్" అన్నాను. ఎండలో కూర్చున్నంతసేపూ నాకు అర్థమైంది ఒకటే. ఈ నిజం ఖరీదు నా చెంప కాదు, అతని ప్రాణం. అందుకే చెప్పాలో వద్దో తేల్చుకునే హక్కు అతనిది. మొదటిరోజు నేను లాక్కున్నది అదే.

మధ్యాహ్నం దాటాక జీపులోని వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది. కోరుట్లలో పోలీసులు మిల్లు సావుకారిని అడిగారట. ఎస్సై వచ్చి ప్రభుదాస్‌తో, "మీ నాన్న మంచివాడటగా. మీ సావుకారి పూచీ అన్నాడు" అని, నన్ను చూసి, "మరి ఇతను?" అన్నాడు.

ఈసారి ఆ ప్రశ్న నా గురించి ప్రభుదాస్‌ను అడిగారు. అతను నా వైపు చూశాడు. తొందరపడలేదు.

"మా దోస్తు సార్."

"సరే, పొండి ఇద్దరూ."

యాకోబు కొడుకు దోస్తునని నన్ను వదిలారు. మా బాపుకు తర్వాత ఈ సంగతి తెలిసినప్పుడు, "మొదలు చెప్పిందే సరైంది, ఎనుక నీకు బుద్ధి పెడదారి పట్టింది" అన్నాడు. గోడ మీది గ్లాసు నేను లోపలికి తెచ్చినప్పుడు ఇంట్లో జరిగిన రభస వేరే ముచ్చట. తెచ్చాను, అంతే.

రుద్రంగి ఎత్తు ఎక్కేటప్పుడు ప్రభుదాస్ రోడ్డుకు ఆ అంచు వదిలి మధ్యకు వచ్చాడు. కథలాపూర్ దాటేసరికి పక్కన ఉన్నాడు. పొద్దు వాలుతుండగా దూరంగా కోరుట్ల మోరీ కనిపించింది, దాని మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చర్చికి వేసుకునే తెల్లచొక్కా, భుజం మీద తువ్వాల. ప్రార్థన అయినప్పటి నుంచీ అక్కడే ఉన్నాడట. మమ్మల్ని చూసి చెయ్యి నొసటి మీద అడ్డం పెట్టుకున్నాడు.

"నువ్వు పో" అన్నాను. ప్రభుదాస్ పోయాడు. సీటు మీద నిటారుగా, చివరి బారలో పెడలు మీద లేచి నిలబడి, తండ్రి చూస్తుండగా తొక్కుకుంటూ పోయాడు. నేను సైకిల్ దిగాను. ఇంకా చాలా దూరం ఉంది. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి నడుముకు కట్టుకుని, హ్యాండిల్ పట్టుకుని ఆ దూరమంతా నడిచాను. నేను మోరీ దగ్గరికి చేరేసరికి యాకోబు కొడుకు భుజం మీద చెయ్యి వేసి, నా వెనక చక్రం వైపు చూస్తున్నాడు.

"ఏమైంది బాబూ, పంచరయిందా?"

"లేదు మామా" అన్నాను. "దిగబుద్ధయింది."